పది డబ్ల్యూ అరవై

గరివిడి స్టేషను దాటాక, మాంగనీసు దుమ్ము
ఆరేసిన చీరలకీ ఆవుల కొమ్ములకీ
ఒకే రంగు వేసే చోట మా షెడ్డు.
రేకు తలుపు మీద పేరు ఇంకా నాన్నదే:
సూరప్పడు, గానుగ నూనె.
చెరపలేదు.
నేను పోసేదీ నూనే కదా.

రాత్రి పదకొండుకి బెవర నిశాంతు వచ్చాడు.
ఎల్లుండి ఆదివారం, గని వెనక మట్టి ట్రాకు మీద పందెం.
"ఇంజన్లో టకటక సప్పుడొస్తన్నాది పోలక్కా.
సిక్కటిది పోసీ.
ఒక్క రోజు నోరు మూసుకుంటే సాలు దీనికి."
పక్క సీట్లో, పసిబిడ్డకి పెట్టినట్టు బెల్టు పెట్టి
బంగారు రంగు డబ్బా.
విశాఖపట్నం నుంచి తెప్పించాడట.
దాని ధరకి మా నాన్న ఒకప్పుడు
వేసంగంతా ఆడించడానికి సరిపడా నువ్వులు కొనేవాడు.

మూత తీసి, రెండు వేళ్ల మధ్య ఒక బొట్టు.
వేళ్లు విడదీశాను. తీగ సాగింది.
తెగలేదు.
ఏ చేలోనూ పండని నూనె.
ఏ ఎద్దూ దీనికోసం కళ్లగంతలతో తిరగలేదు.
నాన్న నూనె పుష్యమాసం పొద్దున
సిద్దెలోంచి దిగనని మొరాయించేది,
బూరెల మూకుట్లోకి వెళితే నీళ్లయిపోయేది.
ఇది చలికి చురుగ్గా లేస్తుంది.
మంటలో నిలబడుతుంది.

నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగే ఇనుముకీ
దాన్ని మోసే బేరింగుకీ మధ్య
వెంట్రుకలో పదో వంతు పొర.
ఆ పొర ఉన్నంతసేపే అవి రెండూ చుట్టాలు.

కింద దూరి పాత నూనె దించాను.
మోచేతి దాకా వెచ్చగా కారింది.
ఫిల్టరు డొక్క కోసి, కాగితం మడతలు విప్పి
ఫోను లైటు కింద పరిచాను.

మెరుపు.
జరీ అంచు ఎవరో నలిపి రాల్చినట్టు
రాగి రంగు పొట్టు.

"ఓలమ్మ, బాగుందే!" అన్నాడు నిశాంతు.
నిజమే, బాగుంది.
బేరింగు అది. తనని తాను కొంచెం కొంచెంగా
పంచిపెట్టేసుకుంటోంది.

"సిక్కటిది పోస్తే సప్పుడు పోదేటి?"
"పోద్ది" అన్నాను.
"అదే నా బయం."

వానలు మొహం చాటేసిన ఒక ఏడాది
నాన్న నువ్వుల నూనెలో ఆముదం కలిపాడు.
ఎంత చిక్కగా ఉందో అని
చీపురుపల్లి సంతలో మెచ్చుకుని మరీ కొన్నారు.
ఆ ఏడంతా ఆయన తలకి నూనె రాసుకోలేదు.
అమ్మ అడిగితే, తలనొప్పి అనేవాడు.
ఆ ఆముదమే పాతకాలంలో పందెం కార్లకి పోసేవారని
చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివి
ఆయనకి చెప్పాలనుకున్నాను.
అప్పటికే గానుగ రోలులో
పాత స్పార్కు ప్లగ్గులు పోస్తున్నాను నేను.

మూత బిగించి డబ్బాని మళ్లీ సీట్లో కూర్చోబెట్టాను,
బెల్టు పెట్టి.
"నాలుగు రోజులియ్యి. ఇంజను దించాల."
ఆ కుర్రాడు నా మొహం చూడలేదు.
పొట్టుని వేలితో అద్ది, ప్యాంటుకి తుడుచుకున్నాడు.
"నాలుగ్రోజులకి పందెం ఉండదక్కా."
పాత నూనె మళ్లీ పోయించుకుని
చీపురుపల్లి వైపు తిప్పాడు కారు.
అక్కడ అడిగింది పోసేవాళ్లున్నారు.
టకటక మలుపు దాకా వినిపించింది.

ఆదివారం మధ్యాహ్నం
గని వైపు నుంచి మోత.
అన్నిట్లోకీ నున్నటి గొంతు అతనిదే.
చప్పుడన్నదే లేదు.
షెడ్డు ముందు కూర్చున్న కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.
మూడో చుట్టు.
నాలుగు.
మూడుసార్లు సబ్బు పెట్టినా
వేళ్ల మధ్య ఆ బొట్టు ఇంకా జారుతూనే ఉంది.
అయిదోది ఎర్రదిబ్బ వెనక్కి వెళ్లింది.

వింటున్నాను.